గేటు తీసే ఉంది

అక్టోబర్ 6

ఈ నోటు పుస్తకం ఫిలిప్పా ఇచ్చింది. చిన్నప్పటి సంగతులు గుర్తొచ్చినప్పుడల్లా ఇందులో రాసుకోమంది. ఊరి మీద పుస్తకం వేస్తారట, కాలిబాట కేసుకు కూడా పనికొస్తాయట. ఫిలిప్పా ఈ ఊరొచ్చి పదిహేనేళ్లే. అయినా ఊరి మీద బెంగ ఇక్కడ పుట్టిన మాకంటే ఆమెకే ఎక్కువ. రాస్తానన్నాను. చూపిస్తానని మాత్రం అనలేదు.

ఏం రాయాలి? మిల్ రో అంటే నాలుగిళ్ల వరస. మూడోది మాది, రెండోది బెరిల్ వాళ్లది. పుట్టినప్పటినుంచీ మా ఇద్దరికీ మధ్య ఒకటే గోడ. పెళ్లిళ్లయినా మేం ఇళ్లు వదల్లేదు. మొగుళ్లే వచ్చారు, మొగుళ్లే పోయారు. వరస చివర అందరికీ ఒకే కుళాయి ఉండేది. చలికాలం అది గడ్డకడితే నాన్న గోనెపట్టా చుట్టి కింద గడ్డి మంట పెట్టేవాడు. బళ్లో పాల సీసాలు గడ్డకట్టి మూతలు పైకి లేచేవి, టీచరు వాటిని పొయ్యి చుట్టూ పేర్చేది. గోరువెచ్చటి పాలు ఇప్పటికీ నేను ముట్టను. మంగళవారం రొట్టెల బండి వచ్చేది. గోడ మీద ఇనుప ఊచతో రెండు దెబ్బలు కొడితే టీ పెట్టాం రమ్మని. అది మా అమ్మల కాలంనుంచీ ఉంది, ఇప్పటికీ ఉంది. మూడు దెబ్బలు మా పిల్లలవి, బయటికి రా అని. అవి కొట్టి ఎన్నేళ్లయిందో.

బాట సంగతి తప్పకుండా రాయమంది. ఇళ్ల వెనక గేటు. గేటు దాటితే స్టేవ్లీ ఆసామి పదెకరాల చేను, చేను దాటితే బడి, చర్చి. ఐదు నిమిషాలు. రోడ్డున పోతే క్వారీ మలుపు చుట్టూ ఇరవై నిమిషాలు, నడవడానికి అంచు కూడా లేదు. మూడేళ్ల కిందట పొలం కొన్న కొత్త యజమాని గేటుకు ముళ్లతీగ చుట్టేశాడు. బాట ఊరిదేనని మావాళ్లు వేసిన కేసు దాని మీదే. నాలుగో ఇంట్లోకి కొత్తగా వచ్చిన పిల్ల ఇద్దరు బిడ్డల్ని వెంటేసుకుని రోజూ ఆ మలుపు మీదుగానే బడికి పోతోంది. నేను కిటికీలోంచి చూస్తుంటాను. వాళ్లను దింపి ఆమె తిరిగొచ్చేదాకా అంట్లు తోమబుద్ధి కాదు.

అక్టోబర్ 9

వాంగ్మూలం కాగితం నింపాను. ఎప్పటినుంచి ఆ బాటన నడిచారు, వారానికి ఎన్నిసార్లు, ఎవరినైనా అనుమతి అడిగారా. పదకొండో ప్రశ్న: గేటుకు ఎప్పుడైనా తాళం వేసి ఉండగా చూశారా?

లేదు అని రాశాను. గేటు తీసే ఉంది. సంతకం పెట్టాను.

అక్టోబర్ 20

ఊరి హాల్లో జ్ఞాపకాల సభ. డెబ్బై మందిదాకా వచ్చారు. ఫిలిప్పా పాత ఫొటోలు పెద్దవి చేసి గోడ మీద చూపించింది, ఎవరికి తోచింది వాళ్లు చెప్పాలి. కోతల పండగలో బీరు పీపా పగిలిన సంగతి, పాదిరిగారి తోటలో ఆపిల్ పళ్లు దొంగిలించిన సంగతి. ఎన్నిసార్లు చెప్పుకున్నా నవ్వొచ్చేవే, నవ్వుకున్నాం.

తర్వాత 1955 బడి ఫొటో వేసింది. ముందు వరసలో పళ్లు ఊడిన నవ్వుతో హేజల్. హేజల్ బెరిల్ చెల్లెలు. ఆ ఫొటో తీసిన కొన్ని నెలలకు క్వారీ మలుపులో బొగ్గు లారీ కింద పడి పోయింది. ఆరేళ్లు.

బెరిల్ ఆ సంగతి ఎవరితోనూ మాట్లాడదు. నాతో కూడా మాట్లాడదు. అలాంటిది కర్ర పట్టుకుని లేచి నిలబడింది.

"ఆ పొద్దున మేం పోట్లాడుకున్నాం. నా ఎర్ర చేతితొడుగులు తనేసుకుందని. నువ్వు నా వెంట రాకు, రోడ్డున పడి పో అన్నాను. బళ్లో పొయ్యి రాజెయ్యడం ఆ వారం నా వంతు, నేను ముందే బాటన పోయాను. తను రోడ్డునే వచ్చింది. ఎప్పుడూ నా మాట విననిది ఆ ఒక్కరోజు వింది."

అంతే చెప్పి కూర్చుంది. ఎవరో ఆమె భుజం మీద చెయ్యి వేశారు. నేను మాత్రం లేచి కప్పులు కడగడానికి వంటింట్లోకి పోయాను. బడి వంటింట్లో ముప్పై ఏళ్లు పనిచేశాను, కప్పులు కడగడంలో నన్ను మించినవాళ్లు లేరు.

అక్టోబర్ 21

అరవై ఏడేళ్లుగా అలా అనుకుంటూ బతికింది. గోడకు అవతల.

అక్టోబర్ 22

గేటు తీసే ఉందని అనమన్నది నాన్న. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

నవంబర్ 2

ఫిలిప్పా మొహం వేలాడేసుకుని వచ్చింది. కొత్త యజమాని లాయరు స్టేవ్లీ వాళ్ల పాత పొలం పుస్తకం ఎక్కడో సంపాదించాడట. నకళ్లు బల్ల మీద పరిచింది. ఏటా ఫిబ్రవరి రెండో తారీకున ఒకటే వాక్యం. "గేటు ఎనిమిదింటినుంచి నాలుగింటిదాకా మూశాను. డబ్ల్యూ. పాస్క్." 1961నుంచి 1981దాకా. నాన్న చేతిరాత ఎక్కడున్నా గుర్తుపడతాను. పి అక్షరం గిత్త కొమ్ములా వంగి ఉంటుంది.

దాంతో ఏమవుతుందని అడిగాను. ఫిలిప్పా నెమ్మదిగా చెప్పింది. 1981లో స్టేవ్లీ కొడుకు "మా అనుమతితో నడుస్తున్నారు" అని బోర్డు పెట్టాడు, కాబట్టి దానికి ముందు ఇరవై ఏళ్లే లెక్క. ఆ ఇరవై ఏళ్లూ జనం అడ్డులేకుండా నడిస్తే బాట ఊరిది. ఏటా ఒక్కరోజైనా గేటు మూసి ఉంటే అది ఆసామి దయ, ఇప్పుడు ఆ దయ అయిపోయినట్టే.

"మీరు తాళం ఎప్పుడూ చూడలేదని రాశారు," అంది. "మీ నాన్నగారేమో మూశానని రాశారు. ఆయన అబద్ధం రాసే మనిషేనా?"

కాదన్నాను. ఆమె టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

నవంబర్ 4

పొద్దున్నుంచీ ఆలోచిస్తున్నాను. నాన్న ఏదో ఒక సంవత్సరం నిజంగానే మూశాడేమో. నేను చూడని సంవత్సరాలు ఉండొచ్చు. అయినా ఒక బాట పోతే ఏమవుతుంది, ఇంగ్లండులో బాటలకు కరువా? బస్సు వేయించుకోవచ్చు. నాలుగో ఇంటి పిల్ల కారు కొనుక్కోవచ్చు.

నవంబర్ 5

ఆ పిల్లకు కారు నడపడం రాదు. నేను అడిగాను.

నవంబర్ 12

రాసేస్తాను. చదివేవాళ్లెవరూ లేరు.

1956 ఫిబ్రవరి 2. ఆ వారం చలి ఎలాంటిదంటే పక్క మీది దుప్పటి అంచు మా ఊపిరికే గడ్డకట్టింది. నాకు దగ్గు, బడి మాన్పించారు. అయినా నాన్న గొలుసు తీసుకుని బయల్దేరితే నేనూ వస్తానని వెంటబడ్డాను. ఏటా ఒక్కరోజు గేటు మూయాలని, లేకపోతే బాట ఊరివాళ్లదైపోతుందని స్టేవ్లీ ఆసామికి ఎవరో లాయరు చెప్పాడట. ఆ ఏడాదే మొదలు. నాన్న ఆయన దగ్గర ఆవులు చూసే పాలేరు, అప్పట్లో మేమున్న ఇల్లూ ఆయనదే. నాన్న గొణుక్కుంటూనే గొలుసు చుట్టి తాళం వేశాడు.

అప్పుడు హేజల్ వచ్చింది. చేతులకు బెరిల్ ఎర్ర తొడుగులు, వేళ్ల చివర్లు ఖాళీగా వేలాడుతున్నాయి.

"గేటెందుకు మూశావు పాస్క్ మామా?"

"ఇవాళొక్క రోజే తల్లీ. రోడ్డున పో. ఓ పక్కగా నడువు."

హేజల్ నా వంక చూసి చెయ్యి చాపింది. "నువ్వు రావా?"

నాకు దగ్గు అన్నాను. దగ్గు నిజమే. కానీ ఇంటికి పోగానే వేడి పాలల్లో తేనె కలిపిస్తానని నాన్న అన్నాడు, అందుకని పోలేదు. ఎర్ర తొడుగు వేసుకున్న చెయ్యి ఊపి వెళ్లిపోయింది.

మలుపులో మంచు మీద లారీ జారిందని, నడిపేవాడి తప్పు లేదని అన్నారు. కేక విని నాన్న పరిగెత్తాడు, నేను గేటు దగ్గరే నిలబడ్డాను. ఎంతసేపటికో తిరిగొచ్చాడు, ఇంటికి కాదు, నేరుగా గేటు దగ్గరికి. తాళం తీసి గొలుసు లాగుతుంటే గడ్డకట్టిన ఇనుముకు వేళ్లు అంటుకుపోయి తోలు ఊడింది. ఆయన చూసుకోలేదు. నా ముందు మోకాళ్ల మీద కూర్చుని నా మఫ్లరు సరిచేశాడు.

"గేటు తీసే ఉంది. అర్థమైందా ఎనిడ్? ఎవరడిగినా గేటు తీసే ఉంది."

అర్థమైందన్నాను.

ఎవరూ అడగలేదు. అదే విచిత్రం. ఒక్కరు అడిగినా ఏమయ్యేదో. అక్కాచెల్లెళ్లు పోట్లాడుకున్నారని అందరికీ తెలుసు, ఇంక ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

నవంబర్ 13

ఆ తర్వాత నాన్న ఆ గేటు ఎన్నడూ మూయలేదు.

ఏటా ఫిబ్రవరి రెండున గొలుసు భుజాన వేసుకుని, ఆసామి కిటికీలోంచి కనబడేలా చేను దాటి వచ్చేవాడు. గేటు బార్లా తీసి, టోపీ చేతిలో పట్టుకుని పక్కన నిలబడేవాడు, బడి పిల్లల్లో చివరి పిల్ల చేను దాటేదాకా. తర్వాత పెద్దింటికి పోయి మూశానని సంతకం పెట్టి వచ్చేవాడు. ఇరవై ఐదేళ్లు. నాకు పెళ్లయ్యాక కూడా ఆ పొద్దున ఫ్లాస్కులో టీ పట్టుకెళ్లి ఇచ్చేదాన్ని. ఒక్క ఏడూ తప్పలేదు, కాబట్టి నేను చూడని సంవత్సరాలంటూ లేవు. ఎందుకిలా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. 1981లో పని మానేశాడు, ఆ ఏడాది చివరే పోయాడు.

అంటే నాన్న రాసింది అబద్ధం, అది అబద్ధం కాబట్టే బాట ఊరిది. ఆ మాట చెప్పగలిగేది నేనొక్కదాన్నే. చెబితే, అంత నిక్కచ్చి మనిషి అబద్ధం ఎందుకు రాశాడని అడుగుతారు. అడగాలి కూడా.

నవంబర్ 26

సగం చెప్పొచ్చు. ఆసామి మీద కోపంతో అలా చేసేవాడని చెప్పొచ్చు. ఫిలిప్పా నమ్ముతుంది, ఆమెకు ఆసాములంటే మొదటినుంచీ పడదు. బెరిల్ కూడా నమ్ముతుంది.

బెరిల్ నమ్ముతుంది. అదే సమస్య.

డిసెంబర్ 3

గోడ మీద రెండు దెబ్బలు. వెళ్లాను. బెరిల్ మోకాలు వాచింది, స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది. నేను తీసుకెళ్లిన బ్రెడ్ పుడ్డింగు ఎంత గట్టిగా ఉందంటే, పగలకొట్టి బొగ్గులా పొయ్యిలో వేసుకోవచ్చని వెక్కిరించింది. ఎప్పుడూ అనేదే. ఆనక సభ సంగతి ఎత్తింది. "చెప్పేస్తే తేలికవుతుందన్నారు అందరూ. ఏం తేలిక కాలేదే."

చెబుదామని నోరు తెరిచాను. ఇంకో కప్పు పొయ్యమన్నాను.

డిసెంబర్ 10

చెప్పాను.

హాల్లో అందరి ముందు వినే ముందు తన పొయ్యి దగ్గర కూర్చుని వినాలి, ఆమాత్రం నేను చేయాలి. మధ్యాహ్నం వెళ్లాను. కోటు కూడా విప్పలేదు. గొలుసు, తాళం, హేజల్ అడిగింది, నాన్న అన్నది, నేను రాననడం, పాలల్లో తేనె, అన్నీ వరసగా చెప్పాను. "నీ మాట విని రోడ్డున పోలేదు బెరిల్. నీ వెంటే, బాటనే వచ్చింది. గేటు మూసి ఉంటే వెనక్కి తిరిగింది."

బెరిల్ చేతిలో ఉన్న తువ్వాలు మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది.

"నా వెంటే వచ్చిందా?"

"నీ వెంటే."

"మా అమ్మకు ఆ సాయంత్రమే చెప్పాను, నేనే రోడ్డున పొమ్మన్నానని. ఆ రోజునుంచి పోయేదాకా మా అమ్మ నన్ను దగ్గరికి తీసుకోలేదు. నీకు తెలుసు. ఈ ఇంట్లోనే, ఆ కుర్చీలోనే కూర్చుని నువ్వు చూశావు."

చూశాను. అవునన్నాను.

"నీకు తొమ్మిదేళ్లప్పుడు మీ నాన్న మాటకు కట్టుబడ్డావు, సరే. ఇరవై ఏళ్లప్పుడో? నా పెళ్లిలో నా పక్కన నిలబడ్డప్పుడో? మా అమ్మ మంచంలో ఉన్నప్పుడో?"

ఆలస్యమయ్యేకొద్దీ చెప్పడం కష్టమైందని అనబోయాను. అది నిజమే కానీ జవాబు కాదు.

"లేచి వెళ్లు ఎనిడ్."

డిసెంబర్ 25

కిస్‌మిస్ పూర్ణం పెట్టిన అప్పాలు పళ్లెంలో పెట్టి వాళ్ల గుమ్మం ముందు ఉంచాను. సాయంత్రం చూస్తే అలాగే ఉన్నాయి. కాకులు రెండు తినిపోయాయి.

జనవరి 4

అవతల కెటిల్ ఈల వేస్తుంది. గోడ మీద దెబ్బలు లేవు. ఫిలిప్పాకు మాత్రం కొత్త వాంగ్మూలం ఇచ్చాను, పాతది అబద్ధమని రాసి. చదువుతూ చదువుతూ కళ్లద్దాలు తీసేసింది. బెరిల్‌కు తెలుసా అని ఒక్కటే అడిగింది.

జనవరి 17

హాల్లో విచారణ. విచారణాధికారి పడిశం పట్టిన ఒక సన్నటి ఆవిడ, మాటకోసారి ముక్కు తుడుచుకుంటోంది. జ్ఞాపకాల సభకు వేసిన కుర్చీలే వేశారు. చివరి వరసలో బెరిల్. నన్ను చూడలేదు.

నా వంతు వచ్చింది. అంతా చెప్పాను. హేజల్ పేరు దగ్గర ఆగితే నీళ్లిచ్చారు. కొత్త యజమాని లాయరు మర్యాదగానే లేచాడు.

"అంటే మీ తండ్రి ఇరవై ఐదేళ్లు అబద్ధపు సంతకాలు పెట్టారు, మీరు అరవై ఏడేళ్లు నిజం దాచారు, మొన్న అక్టోబరులో కాగితం మీద కూడా అబద్ధం రాశారు. ఇవాళ మాత్రం నిజం చెబుతున్నారు. అంతేనా?"

"అంతేనండి."

"గేటు ఆ రోజుల్లో తెరిచి ఉందనడానికి మీరు కాక ఇంకెవరైనా ఉన్నారా?"

లేరన్నాను. అప్పటి బడి పిల్లల్లో ఫలానా తారీకున గేటు తీసి ఉందని ఎవరికి గుర్తుంటుంది? ఎవరికైనా ఎందుకు గుర్తుండాలి?

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది.

"నేనున్నాను," అంది బెరిల్.

ఆమె ముందుకు నడిచి రావడానికి చాలాసేపు పట్టింది. అందరూ ఆగారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఫిబ్రవరి రెండు నా చెల్లెలు పోయిన రోజు. ఏటా ఆ పొద్దున మా పెరట్లో పూసిన స్నోడ్రాప్ పూలు కోసుకుని సమాధి దగ్గరికి పోతాను. బడి వేళకే పోతాను, తను పోవాల్సిన వేళ అది. బాటన తప్ప రోడ్డున ఎప్పుడూ పోలేదు, ఆ మలుపు నేను చూడలేను. ఈ ముళ్లతీగ చుట్టేదాకా ఒక్క ఏడూ మానలేదు. ఆ గేటు ఒక్క ఏడూ మూసి లేదు."

అధికారి రాసుకోవడం ఆపి చూసింది.

"వాల్టర్ పాస్క్ గేటు పక్కన నిలబడి ఉండేవాడు. టోపీ చేతిలో, గొలుసు భుజాన. నన్ను చూసి తల వంచేవాడు. చెల్లెలి మీద దయతో అనుకునేదాన్ని, మంచి మనిషి అనుకునేదాన్ని. ఆ గొలుసు ఎందుకో పోయిన నెల తెలిసింది."

లాయరు కాగితాలు ఫైల్లో పెట్టేసుకున్నాడు.

"ఏటా నా ఎదురుగా నిలబడ్డాడు. ఒక్కసారి కూడా నోరు విప్పలేకపోయాడు," అంది. అది ఎవరికీ చెప్పినట్టు లేదు. మళ్లీ అంత నెమ్మదిగానూ వెనక్కి నడిచి, ఫిలిప్పా కారెక్కి వెళ్లిపోయింది.

జనవరి 18

తీర్పు వేసవికి గాని రాదట. గెలుస్తామని ఫిలిప్పా అంటోంది. నాకు సంతోషం కలగాలి.

జనవరి 29

పెరట్లో బట్టలు ఆరేస్తుంటే బెరిల్ తన గడప మీదికొచ్చింది. నన్ను చూసి లోపలికి పోయింది. వాళ్ల గోడ వారన స్నోడ్రాప్‌లు తెల్లగా తలలు వంచుకుని వచ్చేశాయి.

ఫిబ్రవరి 2

పొద్దున ఎనిమిదిన్నరకు గోడ మీద దెబ్బలు. ఒకటి, రెండు. కాసేపాగి మూడోది.

చేతిలో గిన్నె అలాగే పెట్టి, కోటు తగిలించుకుని బయటికి పోయాను. బెరిల్ వాకిట్లో నిలబడి ఉంది, ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో పూలు. కిందటి మూడేళ్లూ ఫిలిప్పా కారులో తీసుకెళ్లింది, ఇవాళ వద్దని పంపేసిందట.

"నిన్ను క్షమించానని అనుకోకు," అంది.

"అనుకోవడం లేదు."

"మోకాలు ఒక్కదాన్నీ పోనివ్వదు. గేటు మూసి ఉంది, రోడ్డున పోవాలి." కాసేపు రోడ్డు వైపు చూసింది. "నువ్వు రావా?"

నాకు వారంనుంచీ దగ్గు. ఆ మాట చెప్పలేదు. పూలు నా చేతికిచ్చి ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. క్వారీ మలుపు దగ్గర ఆమె కాళ్లు ఆగిపోయాయి. నేను తొందరపెట్టలేదు. తర్వాత ఆమెను గట్టు వైపు నడిపించి, నేను రోడ్డు వైపు నడిచాను.